మెడ మలుపు దగ్గర రెండు బళ్ళు

కంట్రాక్టరు సాయంత్రం పని దిగే వేళకి వచ్చి ఆ కబురు చెప్పాడు. రేపు పొద్దున షోరూం వాళ్ళు రెండు బళ్ళు తెస్తున్నారు. ఒకటి పికప్పు. రెండోది నాలుగు చక్రాలూ లాగే కొండ బండి. మెడ మలుపు ఏది సులువుగా ఎక్కితే దాన్నే కొంటాడు.

"పికప్పయితే సగం ధరకొస్తుంది," అన్నాడు. "కానీ ఎక్కలేని బండి ఊరికే ఇచ్చినా నాకెందుకు?"

ఆ మాటకి పనివాళ్ళందరూ తలూపారు. గోడ బాబాయి మాత్రం తల ఊపడం మర్చిపోయి తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు.

ఆయన్ని చిన్నా పెద్దా అందరూ గోడ బాబాయి అనే పిలుస్తారు. కొండ చుట్టూ వేస్తున్న ఆ మట్టి రోడ్డు లోయ వైపుకి జారిపోకుండా కింది అంచున రాతి గోడ కడతాడు. మూడో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచీ చేతిలో రాయే. రాయిని ఒకసారి అటూ ఇటూ తిప్పాడంటే చాలు, దాని మొహం ఎటుందో, వీపు ఎటుందో చెప్పేస్తాడు. నున్నటి మొహం బయటికి పెట్టి, గరుకు వీపు లోపలికి తోసి, సందుల్లో రాతి చిప్పలు కొట్టాడంటే ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి నిమరచ్చు. ఇన్నేళ్ళలో ఆయన కట్టిన గోడ ఒక్కటీ పొట్ట ఉబ్బలేదు.

ఉబ్బినవి ఆయన మోకాళ్ళే. పొద్దుగూకులూ గొంతుక్కూర్చుని చేసే పని కదా, అరిగిపోయాయి. డాక్టరు మోకాలి ఫోటో తీయించి, "మెట్లు లేని ఇంట్లో ఉండండి, ఎత్తులెక్కకండి," అన్నాడు. ఏం పని చేస్తావని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. చదునులో ఎలాగో నడుస్తాడు. పైకి చేరాక బోర్లించిన బకెట్టు మీద కూర్చుంటే సాయంత్రం దాకా ఇద్దరి పని చేస్తాడు. చిక్కల్లా పైకి చేరడంలోనే ఉంది. షెడ్డు నుంచి పని చోటికి ఐదు కిలోమీటర్ల ఎక్కుడు. పాత లారీ మూలనపడ్డాక అద్దె వ్యాను వస్తోంది, అదీ ఈ వారంతో ఆఖరు. పికప్పు కొంటే వెనక తొట్టిలో అందరూ ఎక్కుతారు. కొండ బండి కొంటే అందులో ఐదు సీట్లు. కంట్రాక్టరు, ఇంజనీరు, తనిఖీకి వచ్చే ఆఫీసర్లు. సిమెంటూ ఇసకా వారానికోసారి ట్రాక్టరు తెస్తుంది. పనివాళ్ళు నడుస్తారు.

"ఏం బావా, ఇప్పట్నుంచే మొహం వేలాడేశావ్?" అన్నాడు మేస్త్రి. మేస్త్రి ఆయన భార్యకి సొంత తమ్ముడు. పనిలో పెట్టించిందీ వాడే.

"నీకేంరా, మేకలా ఎక్కేస్తావ్. నేనెక్కగలనా?"

"పికప్పు ఎక్కుతుందిలే. పాత లారీ ఎక్కలేదా ఇన్నాళ్ళూ?"

పాత లారీ ఎలా ఎక్కేదో అందరికీ తెలుసు. మెడ మలుపు దగ్గర రోడ్డు గొంతు నొక్కినట్టు సన్నబడి, నిట్టనిలువుగా లేస్తుంది. పక్క బండలోంచి ఏడాది పొడుగునా ఊట కారుతూనే ఉంటుంది. అక్కడికి రాగానే తొట్టిలో ఉన్నవాళ్ళంతా వెనక్కి పోయి, సరిగ్గా వెనక చక్రాల మీద గుంపుగా నిలబడేవాళ్ళు. మేస్త్రి "ఎగురు!" అని కేకేస్తే ఒక్కసారిగా ఎగిరి దూకేవాళ్ళు. ఆ బరువుకి చక్రం నేలని కరిచేది. లారీ మూలుగుతూ రెండడుగులు పాకేది. మళ్ళీ "ఎగురు!" అలా ఏడెనిమిది గెంతులకి మలుపు దాటేది. ఎగరలేని గోడ బాబాయి కూర్చున్న చోటే పిర్రలతో ఒక దెబ్బ వేసేవాడు. తట్టలు మోసే పిన్ని ఆయన్ని చూసి, "బాబాయ్ వంతు కూడా నేనే ఎగురుతున్నా, కూలీలో సగం నాకు రాయించండి," అని నవ్వేది.

"మలుపు దగ్గర లారీ చక్రాలు తొలిచిన ఆ గాడిలో చక్రం పడిందంటే కొత్త బండైనా జారుద్ది," అన్నాడు గోడ బాబాయి. "నన్ను వ్యానులో అక్కడ దింపండి. చీకటి పడినా గాడి పూడ్చేస్తాను, మళ్ళీ వ్యాను పంపండి."

"నువ్వా? ఒక్కడివా?"

"రాళ్ళు అందించడానికి పిన్నినుంచు."

"నేనేం పాపం చేశాను?" అంది పిన్ని. అంటూనే తట్ట తీసుకుంది.

మూడు గంటలు పట్టింది. గాడి పొడుగునా రాళ్ళు పరిచాడు. పిన్ని తెచ్చిన ప్రతి రాయినీ తిప్పి, మొహం చూసి, మొహం పైకి పెట్టి కూర్చోబెట్టాడు. సందుల్లో చిప్పలు దిగ్గొట్టాడు. మోకాళ్ళు సలుపుతుంటే ఒక పక్కకి ఒరిగి, మోచేతి మీద బరువేసి పేర్చాడు. అయ్యాక ఆ రాతి పరుపు ఇంటి ముందు అరుగులా ఉంది. ఎక్కడా ఒక్క మొన లేవలేదు.

"పడుకుంటే నిద్ర పట్టేలా ఉంది," అంది పిన్ని.

ఇంటికెళ్ళాక భార్య మోకాళ్ళకి వేడినీళ్ళ గుడ్డ వేస్తుంటే, "రేపు పికప్పు పువ్వులా ఎక్కేస్తుంది చూడు," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట అలాంటి మాట వింది ఆవిడ. గుడ్డ ఇంకోసారి వేడినీళ్ళలో ముంచింది.

పొద్దున షెడ్డు ముందు రెండు బళ్ళూ పక్కపక్కన నిలబడ్డాయి. పికప్పు తెల్లగా, ముందు ఇద్దరు పట్టే క్యాబినూ వెనకాల పొడుగాటి రేకు తొట్టీ వేసుకుని, పనికొచ్చిన మనిషిలా ఉంది. వెనక చక్రాల పైన బరువు మోయడానికి దొంతరగా ఇనప పట్టీలు. కొండ బండి ముదురాకుపచ్చ రంగులో, పొట్ట నేలకి బాగా ఎత్తుగా పెట్టుకుని, పెళ్ళికొచ్చిన మనిషిలా ఉంది. లోపల చల్లగాలి, తోలు సీట్లు.

గోడ బాబాయి నేరుగా పికప్పు వెనక్కి వెళ్ళాడు. వెనక తలుపు దించి చూశాడు. దాని మీద కూర్చుని ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపలికి తెచ్చుకోవచ్చు. ఇంకొకరి భుజం అక్కర్లేదు. తలుపు మెల్లగా మూసి, దుమ్ము పడ్డ చోట చొక్కా చివరతో తుడిచాడు.

ముందు పికప్పే బయల్దేరింది. పనివాళ్ళు వ్యానులో వెనకే వెళ్ళి మలుపు దగ్గర దిగారు. కంట్రాక్టరూ ఇంజనీరూ కొండ బండిలో వచ్చారు. పికప్పు కింద ఆగింది. అలవాటు కొద్దీ అందరూ దాని తొట్టి వైపు పరిగెత్తారు.

"ఆగండాగండి!" షోరూం ఆయన చేతులు అడ్డం పెట్టాడు. "ఈ బురద కాళ్ళతో ఎక్కుతారా? గీత పడిందంటే కంపెనీ నన్ను అడుగుతుంది."

"ఎక్కాలి సార్," అన్నాడు మేస్త్రి. "ఇక్కడ ఎక్కి ఎగరాలి."

"ఎగరడమేంటి?"

మేస్త్రి కంట్రాక్టరు వైపు తిరిగాడు. "బరువుంటేనే ఎక్కుతుంది సార్. ఖాళీగా అయితే జారుద్ది."

కంట్రాక్టరు ఇంజనీరు మొహం చూశాడు. ఇంజనీరు నవ్వాడు. "ఖాళీగా ఎక్కనిది బరువేస్తే ఎక్కుతుందా మేస్త్రీ? ఏ బళ్ళో చదివావ్?"

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాల్సి వచ్చింది. చక్రం నేలని కరవడం గురించి చెప్పడానికి నోరు తెరిచి, ఎలా మొదలెట్టాలో తెలీక మూసేశాడు. అది చేసి చూపించే సంగతి, చెప్పే సంగతి కాదు.

పికప్పు ఊపందుకుని వచ్చింది. ముందు చక్రాలు రాతి పరుపు మీదికెక్కాయి. వెనక చక్రాలు ఎక్కాయి. అక్కడ ఆగిపోయాయి. ఇంజను గోల పెడుతోంది, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. రాత్రంతా ఊట కారి రాళ్ళ మొహాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. డ్రైవరు వెనక్కి దించి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి వెనక భాగం పక్కకి జారి, గోడ బాబాయి కట్టిన గోడనే ఆనుకుని ఆగింది.

గోడ బాబాయికి అప్పుడర్థమైంది. గోడకైతే నునుపు మొహం బయటికుండాలి. చక్రానికి కావాల్సింది వీపు, ఆ గరుకు, ఆ పళ్ళు. మూడు గంటలు కూర్చుని ఒక్కో పన్నూ కిందికి పెట్టి తొక్కేశాడు. ఇన్నేళ్ళ చేతి అలవాటు, ఏ రాయినీ వీపు పైకి పెట్టనివ్వలేదు. నిన్నటి గాడి నిన్నటిలాగే ఉండి ఉంటే, బురదైనా, కాస్త పట్టేదేమో.

పిన్ని ఆయన వైపు చూసింది. ఎప్పుడూ నవ్వే మనిషి, చప్పున చూపు తిప్పుకుని తట్ట సర్దుకుంది. అదే ఎక్కువ తగిలింది.

"దారి మాత్రం బాగా వేయించావయ్యా," అన్నాడు కంట్రాక్టరు మేస్త్రితో. "ఇంత నున్నగా ఉన్న దారే ఎక్కలేకపోతే ఇంకెక్కడెక్కుతుంది ఇది?"

"సార్, అది నా..." అంటూ గోడ బాబాయి ముందుకొచ్చాడు. అప్పటికే కంట్రాక్టరు కొండ బండి తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"పెద్దాయనా, నువ్వెక్కు. ఈ దారి నీకు తెలిసినంత మాకెవరికి తెలుసు? నువ్వు చెప్పు, ఎలా ఉందో."

కంట్రాక్టరు ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి. బండి మెట్టు ఎత్తుగా ఉంది. షోరూం ఆయనే చెయ్యిచ్చి లాగాడు. సీటు మీద గుడ్డ పరిచి కూర్చోబెట్టాడు. బండి కదిలింది. మలుపు దగ్గర ముందు చక్రాలు కొంచెం జారబోతే వెనకవి తోశాయి, వెనకవి జారబోతే ముందువి లాగాయి. ఒక మనిషి మెల్లగా మెట్లెక్కినట్టు ఎక్కేసింది. ఒక్క కుదుపు లేదు. ఆ దారిలో మోకాలు నొప్పెట్టకుండా పైకి చేరడం ఆయనకి ఎన్నేళ్ళ తర్వాతో.

"ఊఁ, చెప్పు పెద్దాయనా?"

పికప్పే కొనండి సార్, నేను నడవలేను, అన్న మాట నాలుక చివరికొచ్చింది. కానీ అడిగింది తన మోకాళ్ళ గురించి కాదు, బండి గురించి. బండి గురించి అబద్ధం ఎలా చెప్పడం? పైగా కాళ్ళు పనిచెయ్యవని తన నోటితో చెబితే, రేపట్నుంచి పికప్పు ఉన్నా రావద్దంటాడేమో.

"బాగుంది సార్," అన్నాడు. "ఉయ్యాల్లో ఉన్నట్టుంది."

కిందికొచ్చాక కంట్రాక్టరు అందరికీ వినిపించేలా అన్నాడు: "మీ గోడ బాబాయే సర్టిఫికెట్టిచ్చాడు. ఇంక మాటల్లేవ్."

మేస్త్రి బావ వైపు చూసి పళ్ళు కొరికాడు. "ఏమన్నావ్ బావా?"

"బాగుందన్నాన్రా."

"బాగుందన్నావా? నోరు నొక్కుకుని కూర్చోలేకపోయావా?"

"బాగుంటే బాగుందనకేమంటాం?"

కొండ బండి కొన్నారు. సోమవారం నుంచి నడక మొదలైంది. ఎనిమిదింటికి పని అయితే గోడ బాబాయి ఐదింటికే బయల్దేరాడు. మొదటి రోజు తొమ్మిదిన్నరకి చేరాడు. మేస్త్రి ఎవరూ చూడకుండా హాజరు వేశాడు. రెండో రోజు పది దాటింది. బకెట్టు మీద కూర్చున్నాక చిప్ప కొడితే దెబ్బ వేలికి తగిలింది. ఇంజనీరు గడియారం చూసుకుని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

మూడో రోజు సగం దారి కూడా కాకముందే కుడి మోకాలు బిగుసుకుపోయింది. రోడ్డు మధ్యలోనే కూర్చుండిపోయాడు. పక్కకి జరగాలనుకున్నాడు, కాలు చెప్పిన మాట వినలేదు. వెనకొస్తున్న పనివాళ్ళు దగ్గరికొచ్చేసరికి వాళ్ళ వెనకే కొండ బండి చప్పుడు. ఆయన్ని చూసి ఆగింది. డ్రైవరు పక్కన కంట్రాక్టరు, వెనక ఇంజనీరూ ఇద్దరు ఆఫీసర్లూ. డ్రైవరు ఒకే ఒక్కసారి, చిన్నగా హారన్ కొట్టాడు. తిట్టినట్టు కాదు, మర్యాదగానే. గోడ బాబాయి రెండరచేతులూ నేలకి ఆనించి, నడుముతో ఈడ్చుకుంటూ, కంకర గీసుకుంటుండగా రోడ్డు పక్కకి జరిగాడు. అంతసేపూ బండి ఆగే ఉంది. లోపలి వాళ్ళు అటు లోయ వైపు చూస్తున్నారు. దాటాక కంట్రాక్టరు అద్దం దించి, "జాగ్రత్త పెద్దాయనా," అన్నాడు. బండి వెళ్ళిపోయింది.

మేస్త్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు. బావ అరచేతుల్లో గుచ్చుకున్న కంకర దులిపాడు.

"నిన్న ఇంజనీరు అడిగాడు బావా," అన్నాడు చివరికి. "ఎవరాయన, రెండ్రోజులుగా ఇంత ఆలస్యంగా వస్తున్నాడు అని."

"నువ్వేమన్నావ్?"

"మా బావ అన్నా."

"అదెందుకు చెప్పావ్?"

"మరేం చెప్పను? ఇంకో మనిషిని చూసుకోమన్నాడు. ఇవాళ చెబుదామనే నీ వెనక నడుస్తున్నా. షెడ్డు దాటి ఇంత దూరమొచ్చినా నోరు రాలేదు."

గోడ బాబాయి మోకాలు రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు. "మీ అక్కకి నేను చెప్తాలే. నువ్వు చెప్పకు."

"కిందికి దింపి వస్తా పద."

"నీకు హాజరు పోద్ది. పైన జనం చూస్తుంటారు. పో."

"దిగగలవా?"

"దిగడానికేముంది? కిందికేగా."

వాడు అటూ ఇటూ తిరిగి, నాలుగడుగులేసి వెనక్కి చూసి, మళ్ళీ నాలుగడుగులేశాడు. గోడ బాబాయి పక్క బండ పట్టుకుని లేచాడు. మోకాలు పాడైన వాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టమని అందరికీ తెలీదు. ముందుకు దిగితే బరువంతా అరిగిన చోటే పడుతుంది. కొండ వైపు తిరిగి వెనక్కి వెనక్కి నడిస్తే కాస్త నయం. ఆయన అలాగే తిరిగాడు. పక్క బండనే రెండు చేతులా పట్టుకుని ఒక్కో అడుగూ తడుముకుంటూ, పైన మలుపుల్లో చిన్నగా కనిపిస్తున్న మనుషుల వైపు చూస్తూ, వెనక్కి నడిచాడు. వాళ్ళు ఎక్కుతున్నారు. మేస్త్రి ఇంకోసారి తిరిగి చూశాడు. దూరానికి బావ తన వైపే తిరిగి పైకెక్కి వస్తున్నట్టు కనిపించాడేమో, చెయ్యెత్తి ఆగమన్నట్టు ఊపాడు. గోడ బాబాయి కూడా చెయ్యి ఊపాలనుకున్నాడు. రెండు చేతులూ బండని వదిలేలా లేవు.