బెల్లం చేత్తో షుగర్ టెస్ట్

దొడ్లో నేను మూత్రానికి వెళ్లిన చోట ఓ ఉదయం చీమలు పట్టాయి. తాడేపల్లిగూడెంలో నాది బెల్లం కొట్టు. దిమ్మలకు పట్టే చీమలు నా మూత్రానికి పట్టాయని తెలిసి రోత పుట్టింది.

ఏలూరులో టెస్టులు చేయించాం. "మాత్రలు సరిపోవండీ. ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నారు డాక్టరుగారు. నాకప్పుడు అరవై ఎనిమిదేళ్లు.

ఫోనుకు కలిసే గ్లూకోమీటరు కొన్నాను. కోడలు నేర్పుతానన్నా వినకుండా నేనే కుస్తీపట్టి నేర్చుకున్నాను. రీడింగులు వాట్సాప్‌లో డాక్టరుగారికి పంపుతూ, బజారులో నా ఈడువాళ్ల దగ్గర గొప్పలు పోయాను.

పొద్దున స్నానం చేసి ఇంట్లో చూస్తే నూట ముప్ఫై. మధ్యాహ్నం భోజనానికి ముందు కొట్లో చూస్తే మూడు వందలు. డాక్టరుగారు రెండుసార్లు డోసు పెంచారు. అంకె దిగలేదు.

"ఏవండీ, నిజం చెప్పండి. కొట్లో బెల్లం నోట్లో వేసుకుంటున్నారు కదూ?" అంది మా ఆవిడ.

"పలుకు కూడా ముట్టలేదే."

"మరి మిషన్ అబద్ధమాడుతుందా అండీ?"

ఈ వయసులో దొంగతిండి తింటున్నానన్న మాట పడ్డాను. ఒళ్లు మండిపోయింది. ఆ మీటరును కాలవలో పారేయాలనిపించింది.

ఓ మధ్యాహ్నం కొట్లో చేతులు వణికాయి. చొక్కా చెమటతో తడిసిపోయింది. మీటరు మూడు వందల ఇరవై చూపించింది. ఇన్సులిన్ పెన్ తీశాను కానీ, వేళ్ల వణుకుకు మూత రాలేదు. అలాగే పక్కకు ఒరిగిపోయాను. పక్క కొట్టాయన ఆటోలో ఆస్పత్రికి చేర్చారు.

అక్కడ నరంలోంచి రక్తం తీసి చూస్తే నలభై ఒకటి. "హైపోగ్లైసీమియా, అంటే షుగర్ బాగా పడిపోయిందండీ. ఆ డోసు కూడా పడి ఉంటే మీరు దక్కేవారు కాదు" అన్నారు డ్యూటీ డాక్టరు.

సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కుతుండగా నర్సమ్మ నా చెయ్యి తిప్పి చూసింది. "ఏం పని చేస్తారండీ? టెస్టుకు ముందు చేతులు కడుక్కున్నారా?"

కడుక్కోలేదు. వచ్చిన ప్రతి దిమ్మా మూల విరిచి, వేళ్ల మధ్య నలిపి రకం తేల్చడం నా పని. చెయ్యి పంచెకు తుడుచుకుని, ఆ వేలికే సూది గుచ్చుకునేవాణ్ని. రక్తపు చుక్కలో బెల్లం కలిసి అంకె పెరిగేది. ఛీ. గోళ్ల కింద నల్లటి జిగురు అప్పుడు చూసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఫోను నేర్చానని మురిసిపోయినవాణ్ని చెయ్యి కడుక్కోవడం మరిచాను.

మంచం పక్కన మా ఆవిడ అంతా వింది. తడిగుడ్డ తెచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది.

ఇప్పుడు డోసు మళ్లీ తగ్గింది. మీటరు, ఫోను వదల్లేదు. బెల్లం వాసనంటే మాత్రం ఇంకా రోతే, అయినా కొట్టు నడపక తప్పదు. నేను చెప్పేది ఒక్కటే. పండు కోసినా, స్వీటు పంచినా, సబ్బుతో చేతులు కడిగి, పొడిగా తుడుచుకున్నాకే సూది గుచ్చుకోండి.

నన్ను అనుమానించడం పొరపాటని మా ఆవిడ ఇంతవరకు అనలేదు. రోజూ క్యారేజీ సంచిలో సబ్బుపెట్టె, ఉతికిన తువ్వాలు పెట్టి పంపుతోంది.