తాండూరు బండ మీద మిగిలిన చివరి స్కోరు

వికారాబాద్ అనగానే అనంతగిరి కొండల ఫొటోల కోసం ఈ పేజీ తెరిచి ఉంటే ముందే చెప్పేస్తున్నాను, నేను కొండ ఎక్కలేదు. వికారాబాద్ మీదుగా తాండూరు వెళ్లాను, ఒక బాస్కెట్‌బాల్ ఆట ఫలితం చెప్పి రావడానికి. ఆ ఆట మే నెల చివర్లో యూరప్‌లో జరిగింది. వినాల్సిన మనిషి మా ఇస్మాయిల్ భాయ్. నేను బయల్దేరే నాటికి ఆయన చనిపోయి మూడు వారాలు.

కాస్త వెనక్కి వెళ్లాలి. ఇస్మాయిల్ భాయ్, నేను వికారాబాద్‌లో ఒకే కాలేజీ జట్టులో ఆడినవాళ్లం. తర్వాత నేను హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో పడ్డాను. ఆయన తాండూరులో నాపబండలకు పాలిష్ పట్టే చిన్న యూనిట్ పెట్టుకున్నాడు. కొన్నేళ్ల కిందట ఆయన బండలు ఒక కంటైనర్‌లో యూరప్ వెళ్లాయి. కాగితాల మీద ఆ రేవు పట్టణం పేరు చూసి, ఆ ఊరికి పెద్ద బాస్కెట్‌బాల్ జట్టు ఉందని ఎలాగో కనిపెట్టి నాకు ఫోన్ చేశాడు. "మన బండలున్న ఊరు భయ్. ఇగ మన టీమ్ గదే," అన్నాడు. అంతే, అభిమానం కుదిరిపోయింది. ఊరి పేరు ఇక్కడ రాయను, ఆ జట్టు వాళ్లు ఇప్పటికే చాలా బాధలో ఉన్నారు.

తెలియని వాళ్లకు ఒక మాట. యూరప్‌లోని పెద్ద క్లబ్బుల లీగ్ అక్టోబరు ప్రాంతంలో మొదలై మే దాకా సాగుతుంది. ఒక్కో జట్టు ముప్పైకి పైగా ఆటలు ఆడుతుంది. చివరికి నాలుగు జట్లు ఒకే ఊళ్లో, ఒకే వారాంతంలో తేల్చుకుంటాయి. ఆటలు మనకు అర్ధరాత్రి దాకా నడుస్తాయి, ఇస్మాయిల్ భాయ్ పొద్దున ఆరింటికల్లా మిషన్ దగ్గర ఉండాలి. అందుకని ఇద్దరం రికార్డింగే చూసేవాళ్లం. నేను పొద్దున ఆఫీసుకు వెళ్తూ రైల్లో, ఆయన సాయంత్రం యూనిట్ మూశాక. ముందు చూసినవాడు నోరు విప్పకూడదు, అదీ మా నియమం. నోరు జారినవాడు అవతలివాడి ఊరికి స్వయంగా వచ్చి ఇంటిల్లిపాదికీ చాయ్ తాగించాలి. నాకు నోటి తొందర ఎక్కువ కాబట్టి ఇన్నేళ్లలో రెండుసార్లు తాండూరు వెళ్లి శిక్ష అనుభవించాను. నాకంటే ముందు చూసిన రోజుల్లో కూడా ఆయన ఒక్కసారీ దొరకలేదు.

ఈ మేలో మన జట్టు చివరి ఆటకు చేరింది, మొట్టమొదటిసారి. ఆదివారం ఆట, అంతకు రెండు రోజుల ముందే ఇస్మాయిల్ భాయ్‌ని ఊపిరాడక వికారాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చారు. ముప్పై ఏళ్లు బండల దుమ్ము పీల్చిన ఛాతీ. ఆ ఏడాది అప్పటికే రెండుసార్లు చేరి ఇంటికి వచ్చేశాడు, మూడోసారీ వచ్చేస్తాడనుకున్నాను. సోమవారం పొద్దున ఆయన కూతురు షబానా ఫోన్ చేసింది. "చాచా, అబ్బాజాన్ అడుగుతుండు. మ్యాచ్ ఏమైంది?" నేను నవ్వి, "చెప్పనని చెప్పు. ఇంటికొచ్చి సూసుకొమ్మను," అన్నాను. నిజానికి మన జట్టు ఓడిపోయింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి ఆ మాట చెప్పలేక నియమం చాటున దాక్కున్నాను. మంగళవారం మధ్యాహ్నం ఆయన పోయాడు. ఆ రోజు నేను బెంగళూరులో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. మట్టి వేసే వేళకు కూడా చేరలేకపోయాను. ఆ తర్వాత మూడు వారాలు, వెళ్లలేక కాదు, మొహం చెల్లక వెళ్లలేదు.

లింగంపల్లిలో ఏడున్నర ప్రాంతంలో రైలెక్కితే తొమ్మిది లోపు వికారాబాద్‌లో దిగవచ్చు. జనరల్ టికెట్ యాభై రూపాయలు కూడా కాదు. శంకర్‌పల్లి దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. తొలకరి పడి ఎర్రమట్టి నానింది, చేలల్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. మామూలుగా అయితే ఆ వాసనకు ప్రాణం లేచి వచ్చేది.

స్టేషన్ బయట ఆటో డ్రైవర్ నన్ను చూడగానే, "అనంతగిరికా సార్? వెయిటింగ్‌తో అయిదొందలు," అన్నాడు. కాదు, పాత కాలేజీ గ్రౌండుకు అన్నాను. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "గాడ ఏమున్నది సార్ సూడనీకి? మా పోరగాండ్లు బండి నేర్సుకుంటరు, గంతే." ఎనభై రూపాయలకు ఒప్పుకున్నాడు. ఆయన చెప్పింది నిజమే. సిమెంటు కోర్టు పగిలి గడ్డి మొలిచింది. రెండు స్తంభాల్లో ఒకటే మిగిలింది, దానికి రింగు లేదు. ఇస్మాయిల్ భాయ్ జట్టులో అందరికంటే పొట్టివాడు, నా భుజం దాకా వచ్చేవాడు. అయినా ఆ స్తంభం దగ్గర బంతి ఆయనకే దొరికేది. ఎట్ల దొరుకుతదిరా అంటే, "మీరు రింగును సూస్తరు, నేను బంతిని సూస్త," అనేవాడు. డ్రైవర్ ఆటో దిగి నా పక్కకు వచ్చి, "మీరు ఆడిన్రా సార్ గీడ?" అని అడిగాడు. ఆడామని చెప్పాను. అక్కడి నుంచి బస్టాండ్‌కు కూడా అతని ఆటోలోనే వెళ్లాను. దారిలో ఆ ఆసుపత్రి వచ్చినప్పుడు నేను తల తిప్పుకున్నాను.

తాండూరుకు రైలు త్వరగా తీసుకెళ్తుంది, కానీ తర్వాతి బండికి చాలా సమయం ఉండటంతో బస్సెక్కాను. నలభై కిలోమీటర్లు, గంట పైనే పట్టింది. ఊరు దగ్గరపడే కొద్దీ రోడ్డుకు రెండు వైపులా నీలం, బూడిద రంగు బండలు వరసలుగా నిలబెట్టి కనిపిస్తాయి. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కన్నడలో కందుల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం షబానాకు ఏం చెప్పాలా అని నోట్లో వాక్యాలు కూర్చుకుంటూ, ఒక్కటీ నచ్చక చెరిపేసుకుంటూ కూర్చున్నాను.

ఇల్లూ యూనిటూ ఒకే ఆవరణలో ఉంటాయి. భాభీ ఇద్దత్‌లో ఉన్నారు, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్లకు కనబడరు. పరదా వెనక నుంచే పలకరించారు. "వచ్చిన్రా భాయ్? మల్ల స్కోరు చెప్పేసిన్రా ఏంది, ఇంత దూరం వచ్చిన్రు?" ఆమె నవ్వించాలనే అన్నారు. ఇదివరకు నియమం తప్పినందుకు ఆ ఇంటికి వచ్చాను. ఈసారి తప్పనందుకు వచ్చాను.

షబానా అన్నం, ఖట్టా దాల్ పెట్టింది. తాండూరు కందిపప్పు రుచి గురించి రాయాలని ఉంది కానీ ఆ రోజు నాకు తెలియలేదు. రెండు ముద్దలు తిని, కూర్చుకున్న వాక్యాలన్నీ వదిలేసి, "ఆ రోజు చెప్పాల్సింది బిడ్డా, తప్పు చేసిన," అన్నాను.

"అబ్బాజాన్ నవ్విండు చాచా," అంది షబానా. "చెప్తలేడంటే నేను ఇంటికి పోతనని మీ చాచాకు ఎరుకే, అన్నడు. మా అన్న ఫోన్ల సూసి చెప్త అంటె కూడా వద్దన్నడు."

నా గుండె మీద బరువు కాస్త దిగినట్టయింది. ఆమె గ్లాసులో నీళ్లు పోసి, నా వైపు చూడకుండా మిగతాది చెప్పింది. "గది సోమారం. మంగళారం పొద్దుగాల మల్ల పిలిసిండు. ఇప్పుడు అడుగు బిడ్డా, ఇగ చెప్పమను, అన్నడు. నేను ఫోన్ చేసిన. మీరు ఎత్తలే."

ఎత్తలేదు. ఆ మిస్డ్ కాల్ నాకు గుర్తుంది. మీటింగ్‌లో ఫోన్ వణికితే షబానా పేరు చూసి, మళ్లీ స్కోరు కోసమేలే, భోజనాల వేళ చేసి ఇంకాస్త ఏడిపిద్దామని బోర్లా పెట్టాను. స్కోరు కోసమే. కానీ ఆడుతున్న ఆట నుంచి ఇస్మాయిల్ భాయ్ అప్పటికే తప్పుకున్నాడు. తను ఇంటికి రాడని ఆయనకు తెలిసిపోయింది, నాకే తెలియలేదు.

ఖబరస్థాన్‌కు మల్లప్ప బైక్ మీద తీసుకెళ్లాడు. కర్ణాటకలోని సేడం వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా ఆ యూనిట్‌లో పాలిష్ మిషన్ నడుపుతున్నాడు. గేటు దగ్గర ఇద్దరం తలకు చేతిరుమాళ్లు కట్టుకున్నాం. కొత్త మట్టి ఇంకా పూర్తిగా కుంగలేదు, తల వైపు పేరు చెక్కని బండ ఒకటి నిలబెట్టి ఉంది. "రెండు దిక్కులా పాలిష్ పెట్టిన సార్," అన్నాడు మల్లప్ప. "యెనక దిక్కు ఎవరు సూస్తరని అడిగిన్రు. సేటు సూస్తడని పెట్టిన." కాసేపు నిలబడి అతను బైక్ దగ్గరికి వెళ్లిపోయాడు. నేను మట్టి పక్కన కూర్చుని చెప్పాను. "ఓడినం భాయ్. రెండు పాయింట్లు. డెబ్బై తొమ్మిది, ఎనభై ఒకటి. ఆఖరి బంతి రింగు మీద తిరిగి తిరిగి బయటికే పడ్డది. రిఫరీ తప్పేం లేదు, మనోళ్లు మంచిగనే ఆడిన్రు." ఇంకా చెప్పాల్సింది ఉందేమో అనిపించింది, ఇంకేమీ లేదు. ఇంత చిన్న సంగతి. ఫోన్‌లో అర నిమిషం కూడా పట్టేది కాదు.

తిరిగి వచ్చాక షబానా నన్ను షెడ్డులోకి తీసుకెళ్లింది. మూల విరిగి అమ్ముడుపోని బండ ఒకటి గోడకు ఆనించి ఉంటుంది. ఇస్మాయిల్ భాయ్ సీజన్ మొత్తం స్కోర్లు దాని మీదే, కొలతలు రాసుకునే రంగు పెన్సిల్‌తో రాసేవాడు. సీజన్ అయిపోగానే మల్లప్ప దాన్ని మిషన్ కింద పెట్టి అంతా తుడిచేవాడు, అక్టోబరుకు కొత్త బండ తయారు. ఈసారి అడుగున ఒక్క గడి ఖాళీగా ఉంది. దాని పక్కన మన జట్టు పేరు ముందే రాసి పెట్టుకున్నాడు, మిగతా వాటికంటే కాస్త పెద్ద అక్షరాలతో. పెన్సిల్ నా చేతికి ఇచ్చింది షబానా. రాశాను. నా చేతిరాత ఆయన రాత పక్కన పరాయిగా కనిపించింది.

"పాలిష్ పట్టాల్నా అమ్మా, ఉంచుదమా?" అని అడిగాడు మల్లప్ప. ఉంచమంటుందనే అనుకున్నాను. ఆమె చాలాసేపు చూసి, "పట్టు కాకా," అంది. "అబ్బాజాన్ ప్రతిసారి పట్టించేటోడు. ఒక్క గడి ఖాళీగుందనే గదా ఇన్ని దినాలు ఆపినం." మిషన్ తిరిగింది, నీళ్లు పోశాడు. బూడిద రంగు నీళ్లతో స్కోర్లన్నీ ఒకదాని వెనక ఒకటి కారిపోయాయి. బయట బండి మీంచి చాయ్ తెప్పించాను, పరదా లోపలికి ఒక గ్లాసు పంపాను. శిక్ష శిక్షే.

సాయంత్రం తాండూరులో రైలెక్కితే లింగంపల్లికి రెండు గంటలు. ఆ రెండు గంటలూ నాకు ఒకటే ఆలోచన. మేమిద్దరం ఇన్నేళ్లు ఒకరికొకరం ఏమీ చెప్పుకోకుండా ఉండటాన్ని స్నేహంగా ఆడుకున్నాం. అది మంచి ఆటే, దానివల్ల రేపు అనేది ఒకటి ఎప్పుడూ ఉండేది. రేపు లేని రోజున ఆయన ఆట ఆపి నన్ను అడిగాడు, నేను ఆడుతూనే ఉండిపోయాను. దీన్ని ఎవరు క్షమించగలరు? భాభీ గానీ షబానా గానీ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తాండూరు వెళ్లేవాళ్లకు సలహా ఒకటి ఇవ్వాలి కదా. రైళ్ల వేళలు ఎక్కడైనా దొరుకుతాయి. నా సలహా ఇది: ఆసుపత్రి నుంచి ఎవరైనా ఫోన్ చేసి స్కోరు అడిగితే, ఓడినా సరే, వెంటనే చెప్పేయండి.