గాలిదొరకి రైటర్ మారేడు

పోయిన ఆదివారం మా అమ్మాయి వైజాగ్ నుంచి వస్తూ ఇటుకంత మందం ఉన్న పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. గాలిదొర బొమ్మల కథలు, రాసినవాళ్ళందరివీ కలిపి, ఒకే బైండులో మళ్ళీ అచ్చువేశారట. "నీ చిన్నప్పటి హీరో కదమ్మా" అంది. కళ్ళజోడు వెతుక్కుని తెరిచాను. అదే బూడిదరంగు ముసుగు, మోకాళ్ళ దాకా వేలాడే అదే కోటు, పగలు గడియారాలు బాగుచేసుకునే అదే ఇరుకు కొట్టు. మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రచయిత పేరు కనపడగానే నా బొటనవేలు దానంతట అదే వెళ్ళి ఆ పేరు మీద పడింది. ఏమిటమ్మా అంది అమ్మాయి. ఏమీ లేదన్నాను. అబద్ధం. ఆ బొటనవేలి వెనక మా అన్న ఉన్నాడు.

అన్నంటే మా పెద్దమ్మ కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద. వాళ్ళది మాకవరపాలెం దగ్గర పల్లె. ఎనిమిదో తరగతికి అనకాపల్లిలో మా ఇంట్లో దిగాడు, ఒక రేకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక నోరు వెంటబెట్టుకుని. ఆ నోటి సంగతి కొంచెం చెప్పాలి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు నిండి పొర్లుతున్నా కదిలేవాళ్ళు కాదు, వాడి కబుర్లు వింటూ. నేను సరిగ్గా దానికి ఎదురు. నాకు నత్తి. అన్ని అక్షరాలకీ కాదు, ఒక్క 'బ' దగ్గరే బండి ఆగేది. ఇంకో ఊళ్ళో అయితే బ లేకుండా ఎలాగో నెట్టుకురావచ్చునేమో. మా నాన్న పని బెల్లం మార్కెట్టులో, కాటా దగ్గర. ఇంటికి ఎవరొచ్చినా పిల్లని అడిగే మొదటి ప్రశ్న, "మీ నాన్న ఏటి తూత్తాడమ్మా?" అని. జవాబు వాళ్ళకి తెలుసు. నా నోట వినాలని సరదా. అందుకని ఒక దొంగదారి కనిపెట్టాను. బెల్లం అనే చోటల్లా దిమ్మ అనేదాన్ని. అచ్చు కట్టిన బెల్లం ముద్దని మా వైపు దిమ్మే అంటారు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేరు. కాకపోతే కాఫీలోకీ దిమ్మే, పానకంలోకీ దిమ్మే అనే మనిషి ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే.

స్టేషన్ రోడ్డులో పాత పుస్తకాలు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చునేవాడు. చదివింది తిరిగిచ్చి ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఆ కొట్టులోనే మాకు గాలిదొర దొరికాడు. ఎక్కడో ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి దిగిన బొమ్మల పుస్తకాలవి. ఒక వేసవి సెలవులంతా వరసగా చదివాక ఒక సంగతి కనిపెట్టాం. గాలిదొర ఒక్కడే కానీ, వాణ్ణి రాసేవాళ్ళు ముగ్గురు. ముసుగూ కోటూ ముగ్గురి చేతుల్లోనూ ఒకటే, లోపలి మనిషి మాత్రం వేరు. పెద్దాయన రాసిన గాలిదొర దొంగని కొట్టేముందు "క్షమించు" అనేవాడు. గొడవయ్యాక ఇంటికెళ్ళి, ఊడిన కోటు గుండీ తనే కుట్టుకునేవాడు. రెండో ఆయన గాలిదొర పక్కా వెటకారం. దొంగని కాలు పట్టి తలకిందులుగా వేలాడదీసి, ఆ స్థితిలో వాడి మీసాల మీద జోకు వేసేవాడు. మూడో ఆయన పుస్తకాల్లో ఎప్పుడూ వానే. గాలిదొర ఎవరితోనూ మాట్లాడడు, కొట్టేసి వెళ్ళి మేడమీద ఒంటరిగా కూర్చుంటాడు, అంతే. నాకు గుండీ కుట్టుకునేవాడంటే ప్రాణం. అన్నకి వెటకారం మనిషే కావాలి. రచయిత పేరు మీద బొటనవేలు పెట్టి, రెండు పేజీలు చదివి, ఇది ఎవరిదో చెప్పడం మా ఆట. చాలాసార్లు నేనే గెలిచేదాన్ని. పెద్దాయన పేరూ రెండో ఆయన పేరూ కూడా బ తో మొదలవుతాయి కాబట్టి వేళ్ళతో ఒకటి, రెండు అని చూపించేదాన్ని.

ఆ ఆటలోంచి ఇంట్లోకి ఒక మాట పాకింది. ఎవరైనా ఉన్నట్టుండి తీరు మారిస్తే "రైటర్ మారేడు" అనుకునేవాళ్ళం. నాన్న నవ్వుతూ ఇంటికొచ్చిన రోజు నాన్నకి రైటర్ మారేడు. లెక్కల మేష్టారు కొట్టని రోజు మేష్టారికి రైటర్ మారేడు. కొన్నాళ్ళకి అమ్మ కూడా అనడం మొదలుపెట్టింది, పాలవాడి పాలు చిక్కగా ఉన్న రోజున.

గాలిదొర ముసుగు ఎందుకు వేసుకుంటాడో ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు. ఆ ఖాళీ నన్ను తినేసేది. ఏడో తరగతిలో ఉండగా ఒక లాంగ్ నోటుబుక్కులో నా సొంత గాలిదొర కథ రాశాను. అందులో గాలిదొరకి నత్తి. గడియారాల కొట్టుకి వచ్చినవాళ్ళకి రెండు మాటలు జవాబు చెప్పలేక తల దించుకుంటాడు. ముసుగు వేసుకున్నాక మాత్రం మాట నీళ్ళలా వస్తుంది, ఎందుకంటే అప్పుడు వాడి నోటికేసి ఎవరూ చూడరు. ఆ కథ నేను చూపించింది లోకంలో ఒక్క మనిషికి. అన్న పెరటి గట్టు మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా నవ్వకుండా చదివాడు. నోటుబుక్కు మూసి, "ఇది ఆ ముగ్గురికీ తట్టలేదే, అమ్మీ" అన్నాడు. తర్వాత జీవితంలో నాకు మెప్పులు రాకపోలేదు. అంత సంతోషం ఇచ్చిన మెప్పు మాత్రం ఇంకోటి లేదు.

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి నాటకం వేసే బాధ్యత పదో తరగతి వాళ్ళకి, అంటే అన్నకి వచ్చింది. నీ కథే వేస్తున్నాను అన్నాడు. నోటుబుక్కు తీసుకెళ్ళాడు. రిహార్సల్సుకి మాత్రం రానివ్వలేదు, ముందే చూసేస్తే మజా ఉండదట. నాన్న పాత గొడుగు గుడ్డ కత్తిరించి ముసుగు కుట్టింది నేనే. కళ్ళ దగ్గర కన్నాలు సమంగా రాలేదని రెండుసార్లు విప్పి కుట్టాను. అమ్మకి పట్టుచీర కట్టించి రెండో వరసలో కూర్చోబెట్టాను. నాటకం రాసింది నేనని మా తరగతి ఆడపిల్లలకి ముందురోజే చెప్పుకున్నాను కూడా, బుద్ధి లేక.

తెర లేచింది. అన్న, ముసుగు లేకుండా, గాలిదొర వేషంలో కిరాణా కొట్టు ముందు నిలబడ్డాడు. కొట్టువాడు ఏం కావాలన్నాడు. అన్న నోరు తెరిచాడు. "బె... బె... బె..." కుడి కన్ను సగం మూసి, గడ్డం పైకెత్తి, పిడికిలి తొడకేసి కొట్టుకుంటూ. నత్తి వచ్చినప్పుడు నేను అలా చేస్తానని నాకు అప్పటిదాకా తెలియదు. కొట్టువాడి వేషం కట్టినవాడు, "ఏటి బాబూ, గొర్రిని తోలుకొచ్చేవేటి?" అన్నాడు. హాలు కూలిపోయేలా నవ్వారు. నవ్వు తగ్గేదాకా అన్న ఆగాడు. ఎక్కడ ఆగాలో వాడికి బాగా తెలుసు. అప్పుడు మెల్లగా, "ది... దిమ్మ" అన్నాడు.

అంతే, ముందువరస ఆడపిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు. అమ్మ కూడా అందరితో పాటు నవ్వుతోంది. ఆ మాట విన్నాక నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. మిగతా నాటకం చూడలేదు, నా ఒళ్ళో ఉన్న నా చేతుల్నే చూసుకున్నాను. ముసుగు వేసుకున్నాక మాట నీళ్ళలా రావడం అనేది వాడి నాటకంలో లేనేలేదని తర్వాత తెలిసింది. ముసుగులో కూడా నత్తేనట, ఇంకా ఎక్కువట. దొంగలు నవ్వలేక పడిపోతే గాలిదొర కట్టేస్తాడట. అన్నకి కప్పు వచ్చింది. నాకు పేరు వచ్చింది. పదో తరగతి దాటేదాకా బడిలో నన్ను దిమ్మ అనే పిలిచారు.

ఇంటికొచ్చాక కప్పు అలమరలో పెడుతున్నవాణ్ణి నిలదీశాను. ఎందుకు చేశావన్నాను. ఏడుస్తున్నానని వాడికి కనిపిస్తోంది. వాడి మొహంలో కొంచెం బెదురు కూడా చూశాను. ఆ క్షణం "తప్పయిపోయింది" అని ఉంటే ఈ రోజు ఈ కథ లేదు. కానీ వాడు అలవాటు ప్రకారం నవ్వేశాడు.

"రైటర్ మారేడు, అమ్మీ. రాసేటోడు మారితే ఈరో మారడేటి?"

మా ఇద్దరి మాట అది. దాన్ని తీసి నా మొహాన కొట్టాడు. నాటకానికి క్షమించానేమో కానీ ఆ మాటకి క్షమించలేదు. పరీక్షలయ్యాక వాడు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. నోటుబుక్కు నేను అడగలేదు, వాడు ఇవ్వలేదు. తర్వాత పెళ్ళిళ్ళలో, కర్మల్లో కలుస్తూనే ఉన్నాం, బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటూ. ఇరవయ్యో ఏట నా నత్తి పోయింది. ఎలా పోయిందో నాకూ తెలియదు. తెలుగు పంతులమ్మనై ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. బ గుణింతం నేను చెప్పినంత గట్టిగా మా బడిలో ఎవరూ చెప్పలేదు.

నిన్న అన్న వచ్చాడు, మనవడి బారసాల పిలుపులకి. జుట్టంతా నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. బల్ల మీద ఆ పుస్తకం చూడగానే మొహం వెలిగిపోయింది. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అమ్మకి తెలుసు, అడుగు. ఈ గాలిదొర మీద నేనొక నాటకం రాసేను. ఈరోకి నత్తి పెట్టేను. ఆ ఆలోసన నాకెలా వచ్చిందో గానీ జనం పడీపడీ నవ్వేరు" అన్నాడు. నా కళ్ళలోకి చూసే అన్నాడు. అందులో దాపరికం ఏమీ లేదు. వాడు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే మరిచిపోయాడు. నోటుబుక్కు లేదు, పెరటి గట్టు లేదు, నేను లేను. అంతవరకు ఒకసారి జరిగిన మోసమనుకున్నది నిన్న మళ్ళీ కొత్తగా జరిగింది. ఆ కథ రాసింది నేను అని చెప్పబోయి, లేచి లోపలికెళ్ళి కాఫీ కలిపి తెచ్చాను.

అన్న ఒక గుక్క తాగి గ్లాసు కేసి చూశాడు. "బాగుందే. పంచదార కాదు కదా, ఏటేసేవు?" అన్నాడు. పొద్దున్నే పాలవాడితో తడుముకోకుండా చెప్పిన మాటే, రోజంతా పదిసార్లు పలికిన మాటే, బెల్లం. చెబుదామని నోరు తెరిచాను. కుడి కన్ను సగం మూసుకుపోవడం నాకే తెలిసింది.

"దిమ్మ" అన్నాను.

అన్న తల ఊపి కాఫీ తాగేశాడు. నలభై ఏళ్ళు గడిచిపోయాయని ఇంట్లో అందరికీ తెలుసు, నా నాలుకకి మాత్రం ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు.