దేవుడి భార్య ఏదని అడిగిన ఊరు

రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తాగా బతికిన మా బావ, యుద్ధం ముంచుకొచ్చాక అడవుల వెంట నడిచొచ్చి బస్తరు సంస్థానంలోని కొంటలో ఉప్పు, బట్టల కొట్టు పెట్టాడు. రంగూన్ నుంచి తెచ్చుకున్నవి మూడే: మా అక్క, మోకాళ్ల నొప్పి, జానెడు ఇత్తడి బుద్ధుడు. పక్క ఊరి పటేలు పొలిమేరలో చోటిస్తే పాక వేసి విగ్రహాన్ని నిలిపాడు. ఏడాది తిరిగినా భక్తులు నలుగురే: బావ, అక్క, వాళ్లతోపాటు రంగూన్ నుంచి వచ్చిన కంసాలి దంపతులు. ఈ వైశాఖ పౌర్ణమికి పాకను ఉంచాలో పీకాలో ఊరు కూర్చుని తేలుస్తుందట. "బడిపంతులువి, వచ్చి నాలుగు మంచి ముక్కలు చెప్పు" అని బావ కబురంపాడు. మా ఆవిడ తానూ వస్తానంది. దారి బాగుండదని సర్దిచెప్పి ఒక్కడినే బయలుదేరాను.

రాజమండ్రిలో పొద్దున్నే లాంచీ ఎక్కితే మర్నాటికి కూనవరం. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. అన్నం మూట కట్టుకెళ్లడం మేలు, లాంచీలో పోసే పులుసుకి చింతపండు కంటే గోదావరే దగ్గరి చుట్టం. ఎండాకాలం కొంట వైపు శబరి ఏటిలో నీళ్లు తగ్గి పడవలు నడవవు కాబట్టి కూనవరంలో ఎడ్లబండి మాట్లాడుకోవాలి. మూడు రూపాయలకు ఒప్పుకున్నాడు బండి సోమయ్య. చల్లబడ్డాక బయలుదేరితే తెల్లారేసరికి కొంట చేరతాం.

"ఏడికి పోతున్నవ్ పంతులూ?" అన్నాడు దారిలో.

"కొంట సావుకారు పెట్టిన గుడికి."

"ఆ ఒంటి దేవుడి కాడికా? మంచోడే అంటరు. చుట్టాలే లేరంట గదా."

దేవుడికి చుట్టాలేమిటని నవ్వి, ధర్మం గురించి అతనికి చాలాసేపు చెప్పాను. సోమయ్య నిద్రపోయాడు. ఎడ్లు మాత్రం శ్రద్ధగా విన్నాయి.

కొంటలో అక్క పోసిన జావ తాగి పాక దగ్గరకు వెళ్లేసరికి ఊరంతా చెట్ల నీడన కూర్చుని ఉంది. నేను గొంతు సవరించుకుని అహింసతో మొదలుపెట్టాను. పటేలు ఓపికగా విని, చివరికి చెయ్యెత్తాడు.

"నీ మాట మంచిదే పంతులూ. మా దేవుళ్లకు అన్నదమ్ములున్నరు, ఆడబిడ్డలున్నరు. జాతరొస్తే ఒకరింటికి ఒకరు పోతరు. మీ దేవుడికి పెండ్లాం లేదా?"

"ఎందుకు లేదు? కొడుకు పుట్టగానే ఇద్దరినీ వదిలి, రాత్రికి రాత్రి..."

బావ నా పంచె లాగాడు. అప్పటికే ఆలస్యమైంది.

"చెప్పకుండనా?" అంది ముందు వరుసలోని ముసలమ్మ, ముత్తమ్మ.

"చెప్పకుండానే."

ఆడవాళ్లంతా ఒక్కసారి విగ్రహం వైపు చూశారు. ఆ ప్రాంతంలో తప్పు చేస్తే దేవుడినైనా ఊరు నిలదీస్తుంది. బుద్ధుడి మీద పంచాయితీ మొదలైంది, వకీలుగా వచ్చిన నేనే సాక్ష్యం ఇచ్చేశాను. ముత్తమ్మ పెనిమిటి కూడా తేయాకు తోటలకు కూలికని చెప్పకుండా వెళ్లి తిరిగిరాలేదని అక్క నా చెవిలో వేసింది. పాక పోయినట్టేనని నాకు భయమేసింది. బావ ముఖం చూడలేకపోయాను.

అప్పుడు అక్క లేచింది. "చెప్పకుండా వెళ్లిన మాట నిజమే పెద్దమ్మా. కానీ వెతికింది దొరికాక మళ్లీ ఆ ఊరే వచ్చాడు. ఆమె గడప దాటి ఎదురు రాలేదు. ఆయనే ఆమె దగ్గరకు వెళ్లాడు. తర్వాత కొడుకూ, ఆమే ఆయన దారిలోనే నడిచారు."

ముత్తమ్మ అక్క దగ్గరకు జరిగింది. "తనే పోయిండా?"

"తనే."

"అయితే ఆమె ఏది? ఈడ ఒక్కడే ఎందుకు కూసున్నడు?"

పటేలు తీర్పు చెప్పాడు. పక్కన భార్యను కూర్చోబెట్టాలి, చెప్పకుండా పోయినందుకు దేవుడి తరఫున ఊరికి విందు పెట్టాలి: ఒక పంది, ఒక కుండ ఇప్పసారా. బావ రెండు చెవులూ మూసుకున్నాడు. బేరం మధ్యాహ్నం దాకా సాగి, చివరికి బెల్లంతో ఉడికించిన ఇప్పపూల దగ్గర తెగింది. పులియబెట్టకూడదని బావ పట్టుబడితే, వెనక ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

సాయంత్రానికి ఆడవాళ్లు మోకాలెత్తు కర్రను పసుపు రాసి తెచ్చి, ఇదే ఆయన భార్య అని బుద్ధుడి పక్కన నాటారు. బర్మా గురువులు చూస్తే ఏమంటారోనని బావ గొణిగాడు. "బర్మా ఎక్కడో ఉంది, వీళ్లు ఇక్కడున్నారు" అంది అక్క. చంద్రుడు వచ్చేసరికి పాకలో కాలు పెట్టే చోటు లేదు. వచ్చినవాళ్లలో సగం మంది ఆమె కోసమే వచ్చారు. ముత్తమ్మ మొదటి పువ్వు ఆమెకు పెట్టి, కాస్త ఆలోచించి రెండోది బుద్ధుడికి పెట్టింది. "వచ్చిండు గదా" అంది, నెమ్మదిగా. నాకు కళ్లు చెమర్చాయి.

ఒక గుడి నిలవాలంటే మంచి ఉపన్యాసం కావాలనుకుని వెళ్లాను. ఆ ఊరు దేవుడి గొప్పతనం అడగలేదు, ఇంట్లోవాళ్లతో ఎలా ఉన్నాడో అడిగింది. జవాబు నచ్చాక తమలో కలుపుకుంది. వచ్చే పౌర్ణమికి పాక పెద్దది చేయాలని పటేలే అన్నాడు.

వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా: మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి. నేను తిరుగు బండి ఎక్కుతుంటే ముత్తమ్మ అడ్డం నిలబడి, "నీ పెండ్లాం ఏది పంతులూ?" అని అడిగింది. దారి బాగుండదన్నాను. ఆమె దారివైపు చూసింది, నావైపు చూసింది, పటేలును పిలిచింది. వచ్చే ఏడాది నేను ఇప్పపూల విందు బాకీ.