ఎడమ అద్దం

హనుమాన్ జంక్షన్‌లో టీ కోసం ఆగాను. ఎండకి మెత్తబడ్డ తారులో సైడ్ స్టాండ్ దిగబడి, నేను గ్లాసు అందుకునేలోపే బండి ఎడమవైపు ఒరిగి పడిపోయింది.

అది నాన్న బండి. ఆయన పోయాక నేనే నడుపుతున్నా, అద్దాలు మాత్రం ఆయన పెట్టుకున్నట్టే వదిలేశాను. ఆయన నాకంటే పొడగరి. నాకు వాటిలో ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు.

బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన సంచి కింద పెట్టి వచ్చి, నాతో పాటు బండి లేపాడు. ముందుచక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి హ్యాండిల్ సరిచేశాడు.

"క్లచ్ లివరు కాస్త వంగింది. వెనక్కి లాగమాకండి, విరిగిపోద్ది. ఇట్టాగే ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నాడు.

తర్వాత, పడ్డప్పుడు తిరిగిపోయిన ఎడమ అద్దం పట్టుకుని, "ఎక్కి కూచోండి బాబూ" అన్నాడు. ఎక్కి కూచున్నాను. నా కళ్ళ వంక చూస్తూ దాన్ని కొద్దికొద్దిగా కిందికి వంచాడు.

"వెనకాల కనపడతందా?"

"కనపడతందండీ."

ఆయన కుడి అద్దం మీదికి చెయ్యి చాచేసరికి నా చెయ్యి అడ్డం వెళ్ళింది. "ఇది మా నాన్న పెట్టుకున్నదండీ" అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒకటి చాలు లెండి. నిదానంగా వెళ్ళండి" అని, సంచి అందుకుని బస్సెక్కాడు.

ఇప్పటికీ ఆ బండి మీద నాకు ఎడమవైపు రోడ్డు కనిపిస్తుంది, కుడివైపు ఆకాశం.