గొట్టం ఎందుకు వెనక్కి తన్నింది?

అగ్నిమాపక కేంద్రంలో ఆయన్ని అందరూ పైపన్న అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఎక్కడ మంటలు లేచినా ముందు నిలబడి గొట్టం మూతి పట్టుకునేది ఆయనే. నీళ్ల గొట్టం గురించి పైపన్నకు తెలియనిది లేదని అక్కడివాళ్లంతా నమ్మారు. పాపం, ఆయనా నమ్మాడు.

"నాన్నా, అంతరిక్షంలో గాలే లేదు కదా, అక్కడ రాకెట్ ఎలా కదులుతుంది?" అని పదకొండేళ్ల కూతురు ఓరోజు అడిగింది.

పైపన్న తడుముకోలేదు. "నేలను తన్ని లేస్తుందమ్మా, ఆ ఊపులోనే పోతుంది. మా గొట్టం చూడు, నీళ్లు గోడకు కొడితేనేగా మమ్మల్ని వెనక్కి తోసేది!"

ఆ పిల్ల తరగతిలో లేచి అదే చెప్పింది. "మరి చంద్రుడి దగ్గర మలుపు తిరగాలంటే ఏ గోడను తన్నాలి?" అన్నారు టీచరమ్మ. పిల్లలు గొల్లున నవ్వారు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పేసిందంతే, అప్పట్నుంచి కూతురు తండ్రిని ఏమీ అడగడం లేదు. ప్రశ్నలతో ప్రాణం తోడేసే పిల్ల నోరు మెదపకపోతే ఆయనకు ముద్ద దిగలేదు. ఆ గోడ మాట బుర్రను తొలుస్తూనే ఉంది.

కసరత్తు రోజున గొట్టాన్ని ఆకాశంలోకి ఎత్తి నీళ్లు వదిలాడు. నీళ్లు ఇంకా దేన్నీ తాకలేదు, ఆయన బూట్లు మాత్రం వెనక్కి జారాయి. కట్టేసి మళ్లీ వదిలాడు. మళ్లీ జారాయి.

"ఏంటన్నా, ఆకాశం అంటుకుందా?" అన్నాడు ఫైరింజను డ్రైవరు.

సిగ్గు విడిచి టీచరమ్మ దగ్గరికే వెళ్లాడు. "న్యూటన్ మూడువందల ఏళ్ల కిందటే చెప్పాడండీ," అందావిడ. "గొట్టం నీళ్లను ముందుకు తోస్తే, నీళ్లు గొట్టాన్ని వెనక్కి తోస్తాయి. గోడతో పనిలేదు. రాకెట్టూ అంతే, తను వదిలే పొగనే తన్నుకుంటూ పోతుంది. ఆ ఒక్క ముక్క పట్టుకునే మనుషులు చంద్రుడిదాకా వెళ్లారు."

ఇన్నేళ్లూ ఆ ముక్క తన చేతుల్లోనే ఉందా! పైపన్నకు నవ్వూ వచ్చింది, తనమీద తనకు కోపమూ వచ్చింది.

పై అధికారిని బతిమాలి మర్నాడు కూతుర్ని కేంద్రానికి తీసుకెళ్లాడు. "నేను చెప్పింది తప్పమ్మా. నా మూలంగా నిన్ను చూసి నవ్వారు," అన్నాడు. గొట్టం ఆమె చేతికిచ్చి, వెనక తను పట్టుకుని, డ్రైవర్ని నీళ్లు కొద్దిగా వదలమన్నాడు. ధార ఆకాశంలోకి లేచింది. ఆమె వీపు వచ్చి తండ్రి ఛాతీకి తగిలింది.

ఆమె ధార వెంటే తలెత్తి చూసింది.

"నాన్నా, మరి చంద్రుడి దగ్గరికెళ్లాక ఇంధనం అయిపోతే, రాకెట్ ఎలా ఆగుతుంది?"

పన్నెండు రోజుల తర్వాత ఆయన చెవిన పడ్డ మొదటి ప్రశ్న అది. జవాబు చెప్పబోయి ఆగాడు.

"తెలీదమ్మా," అన్నాడు, ముఖం చేటంత చేసుకుని.