తెగిన తంగూసు కొస

గండిపేట గట్టున గాలం వేసే మా మేనమామకు, పట్టిన చేపలకన్నా పోయిన చేపల మీదే ధ్యాస ఎక్కువ. చేప తెంపుకుపోగానే తంగూసు వెనక్కి లాగి, తెగిన కొసను వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. కొస మెలితిరిగి ఉంటే ముడి జారినట్టు, గరుకుగా ఉంటే రాయికి ఒరుసుకున్నట్టు.

"జర మందంది కట్టరాదు మామా?" అని పోట్లాడేదాన్ని.

"మందంది జూస్తే చేప దగ్గరికే రాదు బిడ్డా. పోతే పోనీ, ఎందుకు పోయిందో ఎరుకైతే సాలు."

షుగరుతో కాలి పుండు ముదిరి అత్త దవాఖానలో చనిపోయింది. సమాధి చేశాక మొయినాబాద్ ఇంటికి వచ్చినవాళ్లంతా "ప్రభువు పిలుచుకున్నడు" అన్నారు. మామ మాత్రం మూలన కూర్చుని, ఉత్త వేళ్లు నలుపుకుంటూనే ఉన్నాడు. చివరికి నన్ను పిలిచాడు.

"దొరికింది బిడ్డా. కాలు తిమ్మిరెక్కిందని మీ అత్త చెప్పిన పొద్దు, రేపు చూపిద్దాం తియ్ అని నేను గాలమేయ వోయిన."

"గదేం కాదు మామా! ఆ రోజు తీస్కపోయినా గిట్లనే అయ్యేది," అని గట్టిగా వాదించాను.

మా చుట్టాల్లో నా నోటికి ఎదురు నిలిచినవాళ్లు లేరు. ఆయన నాతో వాదించనే లేదు. "ఊకో బిడ్డా" అని నా తల నిమిరి, చెప్పులు వెతుక్కుని ఒక్కడే సమాధి దగ్గరికి వెళ్లిపోయాడు.